పిడికిలి ముద్ద

కొట్టు నుంచి,
జూన్ 3

మరిదిగారికి వదిన ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా కులాసా, అక్కడ మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను అని మొదలుపెట్టి, ఆ రెండో ముక్క కొట్టేశాను. కులాసాగా ఉన్నవాళ్ళు ఫోను ఎత్తుతారు. మీరు చలికాలం నుంచి ఎత్తలేదు. మా చెల్లిని అడిగితే, బాగానే ఉన్నారక్కా, పడుకున్నారు అంటుంది. ఎప్పుడు చేసినా పడుకునే ఉంటారు. ఇంత నిద్ర పట్టే మనిషిని మా వంశంలో నేను చూడలేదు, మీ వంశం సంగతి మీరే చెప్పాలి.

అలాంటిది మీ ఉత్తరం వచ్చింది. ఎడమచేత్తో రాసినట్టున్నారు, అన్నీ కోడిగీతలు. పని ఆపి, కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి రెండుసార్లు చదివాను. మొదటిసారి అక్షరాల కోసం, రెండోసారి విషయం కోసం.

విషయం అర్థమైంది. మీకు చేపల వేటకి ఒక మడతకత్తి కావాలి. ఒంటిచేత్తో తెరుచుకోవాలి, ఒంటిచేత్తో మూసుకోవాలి, ఆ చెయ్యి ఎడమచెయ్యి అయి ఉండాలి. ఆ రోజు పడవలో తాడు చుట్టే యంత్రం మీ కుడిచేతిని లాక్కుంటుంటే, జేబులో కత్తి ఉండి కూడా లేనట్టే అయిందని రాశారు. బజార్లో కొన్న ఆ కత్తిని తెరవాలంటే ఒక చెయ్యి పిడి పట్టుకోవాలి, రెండో చెయ్యి గోటితో పదునుండే అలుగు పైకి లాగాలి. రెండో చెయ్యి యంత్రంలో ఉంది. తాడు తెగలేదు, వేళ్ళు తెగాయి అని రాశారు. మీ వేళ్ళు పోయాయని మా చెల్లి చెప్పింది గాని, జేబులో కత్తి ఉందన్న సంగతి ఇన్నాళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు.

చివర్లో ఇంకో మాట రాశారు. కొత్త కత్తి చేతికి కుదిరితే మళ్ళీ పడవ ఎక్కి చూస్తారట. కుదరకపోతే, చేపలు పాయలోకి ఎక్కే రోజులు రాకముందే, పడవ అడుగుతున్న ఐసు ఫ్యాక్టరీ ఆయనకి ఇచ్చేస్తారట. అంటే పడవ ఉండటం, పోవడం నేను చేసే కత్తి మీద పెట్టారన్నమాట. పెట్టండి. నాకేం భయం లేదు. ఈ కొట్టులోంచి బయటికి వెళ్ళిన కత్తి పదునుకి తప్ప ఇంకో పని మీద వెనక్కి వచ్చింది లేదు. ఐసు ఫ్యాక్టరీ ఆయనకి ఐసుకేం కొదవ, చల్లగా కూర్చోమనండి.

ఇక మా కొట్టు కట్టుబాటు. మా నాన్న నాటి నుంచి పిడికిలి ముద్ద లేనిదే ఎవరికీ కత్తి చేసింది లేదు. వేళ్ళ కొలతలు రాసి పంపితే చాలదు. మెత్తటి మట్టిముద్దని కత్తి పట్టుకున్నట్టు పట్టుకుని నొక్కాలి. అప్పుడే ఏ వేలు పని చేస్తుందో, ఏ వేలు ఊరికే కూర్చుంటుందో తెలుస్తుంది. ఒకసారి ఒకాయన వాళ్ళ నాన్నకి కత్తి కావాలని వచ్చి, ఆయన్ని తీసుకురావడానికి బద్ధకించి తన పిడికిలే నొక్కి ఇచ్చాడు. మా నాన్న ఆ కొడుకు చేతికి సరిపోయేలాగే కత్తి చేసి, ఇది నీది నాయనా, మీ నాన్నని పంపించు, ఆయనది ఆయనకి చేస్తాను అన్నారు. ముద్దలో ఎవరి పిడికిలి ఉంటే కత్తి వాళ్ళది, అడిగింది ఎవరన్నది మాకు అనవసరం అనేవారు.

అందుకని తడిగుడ్డలో చుట్టి మట్టి పంపిస్తున్నాను. నొక్కేముందు చెయ్యి నీళ్ళలో ముంచండి. పడవలో ఎవడి చెయ్యీ పొడిగా ఉండదు. కూర్చుని నొక్కొద్దు. నిలబడి, కాళ్ళు ఎడంగా పెట్టి, గాలం దారం బిగిసి ఉంది, కోసెయ్యాలి అనుకుని నొక్కండి. ఫొటోకి నిలబడ్డట్టు పట్టుకుంటే ఫొటోకి పనికొచ్చే కత్తే వస్తుంది.

మా చెల్లికి నా ముద్దులు. దాన్ని కూడా ఒక ముక్క రాయమనండి.

మీ వదిన

కొట్టు నుంచి,
జూన్ 19

మరిదిగారికి,

ఆశీస్సులు అవీ పోయినసారి పంపినవి ఇంకా మిగిలే ఉంటాయి, వాడుకోండి.

ముద్ద చేరింది. మీ ఆవిడే చుట్టి పంపిందని రాశారు, చుట్టిన తీరు చూస్తేనే తెలిసింది. చిన్నప్పటి నుంచి అది ఏది కట్టినా ముడి విప్పడానికి కత్తి కావాలి. గుడ్డ విప్పి ముద్ద చూడగానే నాకు నవ్వొచ్చింది. ఎందుకో ఇప్పుడు చెప్పను. నవ్వు అయ్యాక కాసేపు కూర్చుండిపోయాను. అదీ ఇప్పుడు చెప్పను. ఈయన కాఫీ ఇవ్వడానికి వచ్చి, మట్టిముద్దతో మాట్లాడుతున్నావా అన్నారు. మాట్లాడుతున్నాను అన్నాను.

పట్టు మాత్రం గట్టిది. అనుమానం, తడబాటు లేని పట్టు. కొలిమి పక్కన గట్టు మీద పెట్టి ఆరబెట్టాను. ఇప్పుడది రాయిలా ఉంది, పని చేస్తున్నంతసేపూ ఎదురుగా పెట్టుకుంటాను.

మీ ప్రశ్నలకి జవాబులు. ఉక్కు తుప్పు పట్టనిదే వాడుతున్నాను. మామూలు ఉక్కుకి పదును ఇంకాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది, నిజమే. కాని ఉప్పునీళ్ళలో ఒక వారం మరిచిపోతే అది కత్తి కాదు, అప్పడం. పదును పోతే సానరాయి మీద నాలుగు గీతలు గీస్తే వస్తుంది, తుప్పు తిన్న అలుగు రాదు.

మొన సన్నగా, కోసుగా కావాలన్నారు. ఇవ్వను. ఊగే పడవలో ఒంటిచేత్తో తెరిచే కత్తికి సూదిమొన పెడితే అది ముందు తొడలోనే దిగుతుంది. మొన కిందికి వంచి మొద్దుగా పెడతాను. అలుగులో సగం నున్నటి పదును గాలం దారానికీ ఎరకీ, వెనక సగం రంపపు పళ్ళు తాడుకి. చేప పొట్ట కోయడానికి ఒడ్డున ఇంకో కత్తి ఉంటుంది కదా, అన్ని పనులూ దీనికే చెప్పకండి. తెరవడానికి అలుగులోనే ఒక పెద్ద కన్నం పెడతాను. చాలామంది చిన్న బుడిపె పెడతారు, చేప జిగట అంటిన బొటనవేలు దాని మీద నిలవదు. కన్నంలో అయితే తడిసిన వేలు దిగబడుతుంది.

పిడికి కర్ర వద్దనుకున్నాను. ఉబ్బుతుంది, పగులుతుంది. మా నాన్న పనిలో కట్టుకునే మందపాటి కాన్వాసు ఏప్రాన్ ఇంకా మేకుకి వేలాడుతూనే ఉంది కదా, దాన్ని ముక్కలుగా కోసి, జిగురులో ముంచి, పొర మీద పొర వేసి బిగించాను. రాత్రంతా ఆరితే చెక్కలాంటి పలక తయారైంది. అలాంటి పిడి తడిస్తే జారదు సరికదా, ఇంకా పట్టుకుంటుంది. ఏప్రాన్ కోయడానికి మనసు ఎలా ఒప్పిందని ఈయన అడిగారు. మేకుకి ఉంటే ఏప్రాన్, చేతిలో ఉంటే నాన్న అన్నాను. మా నాన్న ఉంటే ఈ డైలాగుకి నెత్తి మీద ఒక్కటి వేసేవారు.

ఇంట్లో చేపలకి లోటు లేదని, పక్కింటివాళ్ళు ఇస్తూనే ఉన్నారని రాశారు. చలికాలం నుంచీ ఇస్తున్నారంటే ఎంత మంచివాళ్ళో! మా పక్కింటివాళ్ళు నిచ్చెన అడిగితేనే తలుపు మూస్తారు. మీవాళ్ళకి నా నమస్కారాలు చెప్పండి.

ఆ పాత కత్తి ఇంట్లో ఎక్కడా కనబడటం లేదని, పోతే పీడ పోయిందని కూడా రాశారు. ఎప్పటి నుంచి కనబడటం లేదో గుర్తుంటే రాయండి. నాకు పనికొచ్చే సంగతే అది.

ఐసు ఫ్యాక్టరీ ఆయనకి మాట ఇవ్వకండి. ఆయన బతిమాలినా, బెదిరించినా, కుర్చీ వేసుకుని కూర్చున్నా ఇవ్వకండి.

మీ వదిన

కొట్టు నుంచి,
జూలై 8

మరిదిగారికి,

మీ అక్షరాలు ఈసారి గీత మీద నిలబడ్డాయి. రెండోసారి చదవాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడొక పరువు తక్కువ కబురు. నవ్వుకుంటారని తెలిసే రాస్తున్నాను, మీరు నవ్వి చాలా రోజులైంది.

కత్తి పూర్తయింది. కాల్చి నూనెలో ముంచిన అలుగు ఎక్కడా పగలలేదు, వంకర పోలేదు. అలుగు తిరిగే ఇరుసు బిగించాను. తెరిస్తే వెన్నలో వేలు పెట్టినట్టు వచ్చింది, తాళం టక్కున పడింది. తాళం అంటే తెలుసు కదా, తెరిచిన అలుగు పని మధ్యలో వేళ్ళ మీదికి మూసుకోకుండా పట్టి ఉంచే రేకు. మూయాలంటే బొటనవేలితో ఆ రేకుని పక్కకి నెట్టాలి. నాలుగుసార్లు తెరిచి మూసి, మురిసిపోయి, పిలిచి మరీ ఈయనకి చూపించాను. పేపరు మీంచి తలెత్తి చూశారు. చాలా బాగుందిగాని, నువ్వు తెరిచింది కుడిచేత్తో కదా అన్నారు.

ఎడమచేతిలోకి మార్చాను. కన్నం బాగానే ఉంది, అలుగు తెరుచుకుంది. మూద్దామంటే తాళం రేకు అవతలి వైపుంది, బొటనవేలు చేరదు. ముద్ద ఎదురుగా ఉంది, ఎడమ పిడికిలి అని గుడ్డివాడు తడిమినా చెప్తాడు. నా కళ్ళు దాన్ని చూస్తూనే ఉన్నాయి. చెయ్యి మాత్రం ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ తాళాన్ని కుడిచేతివాళ్ళ వైపే పెట్టుకుంటూ పోయింది. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడటానికి ఎవరున్నారు, ఈయనే. ఆయనతో అసలు మాట్లాడలేదు.

అప్పుడు మా చెల్లి గుర్తొచ్చింది. అది పుట్టు ఎడమచెయ్యి అని మీకు తెలుసు, కాని దానికోసం ఎన్ని తిట్లు తిన్నదో మీకు తెలియదు. టీచరమ్మ ఎడమచేతి వేళ్ళ మీద స్కేలుతో కొట్టేది. మా అమ్మ ఆ చేతికి గుడ్డ కట్టి, కుడిచేత్తో రాస్తేనే విప్పుతాను అనేది. కత్తెరతో కాగితం కోయబోతే నలిగేది తప్ప తెగేది కాదు. ఒకరోజు కత్తెర విసిరికొట్టి, లోకంలో వస్తువులన్నీ కుడిచేతివాళ్ళే చేసేసుకున్నారక్కా, మాకేం మిగల్చలేదు అని ఏడ్చింది. కొలిమి దగ్గర మా నాన్న విన్నారు. కొన్నాళ్ళకి దానికో కత్తెర కొట్టి ఇచ్చారు, అద్దంలో చూసినట్టు మొత్తం అటుదిటు. దాంతో అది ముందు కోసింది మా అమ్మ కట్టిన గుడ్డనే.

నేను మరి ఆ నాన్న కూతుర్నే కదా. కుడిచేతిని నడుముకి గుడ్డతో కట్టేసుకుని, ఎడమచెయ్యి ఒక్కదానితో బతకడం మొదలుపెట్టాను. మీరు పడుతున్న పాట్లు అప్పుడు తెలిశాయి మరిదిగారూ. బొత్తాం ఒక యుద్ధం. తాళంచెవి ఎటు తిప్పాలో చేతికి తెలియదు. దువ్వుకుంటే జుట్టు ఇంకా రేగేది. మజ్జిగ గ్లాసు ఈయన ఒళ్ళో బోర్లించాను. దొంగలు పడ్డా ఇంట్లో ఇంత చప్పుడు కాదు, విప్పెయ్యవే తల్లీ అని బతిమాలారు. విప్పలేదు. సీసా మూత తిరగకపోతే మీరు గోడకి కొట్టారని చెల్లి చెప్పినప్పుడు, మగవాడి కోపం అనుకున్నాను. నేనూ కొట్టాను, మీ కంటే గట్టిగా.

కాని దానివల్ల ఒకటి నేర్చుకున్నాను. కొత్తగా ఎడమచెయ్యి వాడేవాళ్ళ బొటనవేలికి ధైర్యం ఉండదు. ముందు పిడిని మిగతా వేళ్ళతో నొక్కి పట్టుకుని, ఆ తర్వాత బొటనవేలు మెల్లగా బయల్దేరుతుంది. పుట్టుకతో ఆ వాటం ఉన్నవాళ్ళకి బొటనవేలే ముందు వెళ్ళి కూర్చుంటుంది. ఇది రాసి పెట్టుకోండి, మీకు పనికొస్తుంది.

తాళం విప్పి పారేశాను. ఇప్పుడు పిడి వీపు మీద, సరిగ్గా మధ్యలో, నొక్కితే వదిలే తాళం పెడుతున్నాను. అది కుడి అనదు, ఎడమ అనదు. పని ఎక్కువే, పిడి మళ్ళీ మొదటి నుంచి చెక్కాలి. చెక్కుతాను. ఇల్లు అలకగానే పండగ కాదని మా అమ్మ అననే అనేది.

ఐసు ఫ్యాక్టరీ ఆయన ఇంకొకరిని వెంటబెట్టుకుని రేవులో పడవ చూసి వచ్చాడని, తాళ్ళు తడిగా ఉన్నాయి, ఎవరైనా వాడుతున్నారా అని అడిగాడని రాశారు. వానకి తడిసి ఉంటాయని మీరు చెప్పారట. మీరు వెళ్ళి చూడలేదు. ఆ రోజు తర్వాత రేవు వైపే వెళ్ళలేదని, పడవ ముఖం చూడలేనని రాశారు. అర్థం చేసుకోగలను. వానే అయి ఉంటుంది లెండి.

కాని ఈసారి బతిమాలుతున్నాను. నేను బతిమాలే రకం కాదని మీకు తెలుసు. కత్తి చేరేదాకా పడవ విషయంలో ఎవరికీ మాట ఇవ్వకండి. నెలాఖరుకి కత్తి మీ ఇంట్లో ఉంటుంది. పాత కత్తి మీరు మంచం పట్టిన కొద్ది రోజులకే మాయమైందని మా చెల్లి అంటోందని రాశారు కదా, దాన్ని అడగొద్దు, వెతకొద్దు. వదిలెయ్యండి.

మీ వదిన

కొట్టు నుంచి,
జూలై 26

మరిదిగారికి వదిన మనసారా రాయునది.

కత్తి వస్తోంది. ఈ ఉత్తరం దానితోపాటే ఉంటుంది.

గొప్పలు చెప్పుకోవడం నాకు ఇష్టమేనని మీకు తెలుసు, కాబట్టి చెప్పుకుంటాను. నేను చేసినవాటిలో ఇంత మంచిది ఇంకోటి లేదు. మూస్తే అరచేతిలో దాక్కుంటుంది. తెరిస్తే మీ పాత కత్తి దీని ముందు ఆటబొమ్మ. పిడి లోపల అటూ ఇటూ తెరిచి వదిలాను, నీళ్ళు ఇటు పోస్తే అటు పోతాయి, పొలుసూ ఇసుకా లోపల నిలవవు. ఇరుసు దగ్గర కంచు బిళ్ళలు వేశాను, అవి తుప్పు ఎరగవు.

పరీక్షలు అన్నీ పెట్టాను. సబ్బు చేత్తో తెరిచాను. చేపల మార్కెట్టుకి వెళ్ళి, అక్కడ చేపలమ్మే ఆవిడని అడిగి, జిగట పూసుకుని మరీ తెరిచాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, పరీక్ష నెగ్గితే చెప్పు, నాకూ ఒకటి కావాలి అంది. ఉప్పునీళ్ళ బకెట్లో నానేసి, మరిచిపోయినట్టు నటించి, తీసి తెరిచాను. ఆఖరికి అసలు పరీక్ష. తాడు ఒక కొసని బల్ల మీది వైసు దవడల్లో బిగించి, రెండో కొస ఈయన చేతికిచ్చి, బలం కొద్దీ లాగమన్నాను. నేను కుడిచెయ్యి కట్టేసుకుని, కళ్ళు మూసుకుని, జేబులోంచి తీసి, తెరిచి, కోశాను. ఈయన వెనక్కి పడి, ఇనపసామాను బుట్టలో కూర్చున్నారు. తాడు తెగినంత సుఖంగా ఈమధ్య నాకేదీ అనిపించలేదు. ఆ రోజు మీ జేబులో ఇది ఉండాల్సింది అనుకున్నాను. పైకి కూడా అన్నాను. ఈయన బుట్టలోంచి లేవకుండానే తల ఊపారు.

వాడే పద్ధతి చిన్నది. వేట అయ్యాక మంచినీళ్ళతో కడిగి, తెరిచి ఆరబెట్టాలి. ఇరుసుకి అప్పుడప్పుడు ఒక్క చుక్క నూనె. ఎర్ర తాడు కట్టాను, దాన్ని నడుముకి కట్టుకోవాలి, మణికట్టుకి ఎప్పుడూ వద్దు. పదును పోతే నాకు పంపండి, వేరేవాళ్ళ చేతికి ఇవ్వకండి.

ఇన్ని ఉత్తరాలెందుకు, చెల్లిని ఫోనులో అడిగితే తేలిపోయే ప్రశ్నలే కదా అని ఈయన ఒకటే గొణుగుడు. కాగితం మీద అడిగితే కాగితం మీదే జవాబు రావాలి కదా అన్నాను. మీ మొదటి ఉత్తరం, నిన్నటి ఉత్తరం పక్కపక్కన పెట్టి ఆయనకి చూపించాను. ఇంక గొణగలేదు. మీ ఎడమచెయ్యి నేర్చుకుంటోంది మరిదిగారూ. అది మొద్దుచెయ్యి కాదు, కొత్తచెయ్యి, అంతే.

మీరిద్దరూ చల్లగా ఉండాలని కోరుకునే

మీ వదిన

తా.క. ఉత్తరం కంటే ముందు కత్తినే చేతిలోకి తీసుకుని ఉంటారు. మీ సంగతి నాకు తెలుసు. అది మీ చేతిలో కుదురుగా కూర్చోలేదు. చిటికెనవేలికి చోటు ఇరుకైంది, బొటనవేలు కన్నాన్ని దాటి ముందుకి పోయింది. వదిన అన్ని కబుర్లు చెప్పి చివరికి కొలత తప్పిందని అనుకుంటున్నారు. కొలత తప్పలేదు. ఆ కత్తి మీది కాదు.

మీరు ముద్ద నొక్కి బల్ల మీద పెట్టి ఉంటారు. దాన్ని మా చెల్లి మళ్ళీ పిసికి, తన పిడికిలి నొక్కి నాకు పంపింది. విప్పగానే నవ్వొచ్చింది అన్నానే, అందుకు. చిన్నప్పుడు ఈ కొట్టు తలుపులోనే దాని ఎడమ చిటికెనవేలు నలిగి, బయటికి వంకర తిరిగింది. ఆ వంకర ముద్దలో ఉంది. బొటనవేలు ముందు వెళ్ళి కూర్చున్న పట్టు ఉంది. పుట్టు ఎడమచెయ్యి పట్టు.

తర్వాత కూర్చుండిపోయాను అన్నానే, దానికి కారణం వేరు. చూపుడువేలి మధ్య కణుపు మీద అడ్డంగా ఒక గాడి పడి ఉంది. బరువున్న గాలం దారం రోజూ లాగే చేతికి తప్ప ఆ గాడి పడదు. ఒకప్పుడు మీ కుడిచేతికి ఉండేది.

మరిదిగారూ, ఇంటికి చేపలు ఇస్తున్నది పక్కింటివాళ్ళు కాదు. తాళ్ళు తడిసింది వానకి కాదు. పాత కత్తి ఎక్కడికీ పోలేదు, మా చెల్లి జేబులో ఉంది. రెండో చెయ్యి ఉంటే తప్ప తెరుచుకోని ఆ కత్తితో, రెండో మనిషి లేని పడవలో, మీరు నిద్ర లేవకముందే వెళ్ళి వస్తోంది. ఈ నెలంతా నాకు సరిగ్గా అన్నం సయించలేదు. అయినా చెప్పలేదు. ముందే చెప్తే మీరు పరువనో భయమనో పడవ ఆ రోజే అమ్మేస్తారు, చెల్లి ఇంకెవరి పడవలోనో అదే కత్తితో వెళ్తుంది. ముందు దానికి కత్తి చేయాలి, తర్వాత మీకు నిజం చెప్పాలి అనుకున్నాను. నేను దాన్ని ఏమీ అడగలేదు, అది నాకు ఏమీ చెప్పలేదు. మా నాన్న కట్టుబాటు దానికీ తెలుసు కాబట్టి పిడికిలి పంపింది. నేను కత్తి పంపుతున్నాను.

కోపం వస్తుంది. రానివ్వండి, కాసేపు ఉండి అదే పోతుంది. పెరటిచెట్టు మందుకి పనికిరాదంటారు. పుట్టినప్పటి నుంచి ఎడమచేత్తో లోకాన్ని గెలుచుకుంటూ వచ్చిన మనిషి మీ ఇంట్లోనే ఉంది. సీసా మూత ఎలా తిప్పాలో, ముడి ఎలా వెయ్యాలో, గాలం ఎలా విసరాలో దాన్ని అడగండి. చెప్పడానికి అది ఎదురుచూస్తోంది, మీ పరువు పోతుందేమోనని నోరు మూసుకుంది.

రేపు చీకటి విడకముందే రేవుకి వెళ్ళండి. పడవ గుంజ దగ్గర ఉండదు, కంగారు పడకండి. కూర్చోండి. పడవ వచ్చి, చెల్లి తాడు విసిరితే, ఎడమచేత్తో పట్టుకోండి. ఒకసారి జారితే రెండోసారి విసురుతుంది. పడవ కట్టేశాక ఈ కత్తి దాని చేతికివ్వండి, పాతది తీసుకుని నీళ్ళలో పారెయ్యండి.

పార్సిల్ అడుగున తడిగుడ్డలో ఇంకో మట్టిముద్ద పెట్టాను. అది మీది. ఈసారి చెల్లి పక్కన ఉండగా నొక్కండి, బొటనవేలు ఎక్కడ పెట్టాలో చెప్తుంది. ఆరిపోకముందే పంపండి, ఏప్రాన్ ఇంకా సగం మిగిలే ఉంది.